అమ్మ చదివిన ఆరు వరుసలు

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. సంతకం పెట్టమంటే బొటనవేలు ముందుకు చాపుతుంది. అలాంటి అమ్మ, బచ్చన్నపేటలో పెట్టిన కంటి క్యాంపులో, గోడకు తగిలించిన అక్షరాల బోర్డును పైనుంచి కిందిదాకా ఆరు వరుసలూ గడగడా చదివేసింది.

నేను పక్క టేబుల్ దగ్గర నిలబడి ఆమె పేరూ వయసూ రాయిస్తున్నాను. "గ... ప, ర... న, ట, వ..." అని తెలిసిన గొంతు వినబడి వెనక్కి తిరిగాను. అమ్మ కొంగు నిండుగా కప్పుకుని, ఒక కన్ను అరచేత్తో మూసుకుని కుర్చీలో కూర్చుంది. కళ్లు పరీక్షించే అమ్మాయి పుల్లతో మూడో వరుస చూపిస్తోంది. అమ్మ అప్పటికే ఐదో వరుసలో ఉంది.

"జర మెల్లగ అవ్వా. నేను చూపించినంక చదువు" అంది ఆ అమ్మాయి.

"నాకు ఆగుడు రాదు బిడ్డా. చదువుడంటె గంతే నాకు" అంది అమ్మ.

చదువు వచ్చా అని ఆ అమ్మాయి ముందే అడిగిందట. "మస్తుగ" అని చెప్పిందట అమ్మ.

నేను జనగామ డిపోలో లేడీ కండక్టరును. టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి పత్తి చేలను తెగ ఆసక్తిగా చూసేవాళ్లను పదహారేళ్లుగా పడుతున్నాను. నిద్ర నటించేవాళ్లను కనురెప్పల కదలిక చూసి లేపుతాను. కానీ కన్నతల్లి ఇంత పని చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"ఇప్పుడు రెండో కన్ను మూసుకొని చదువు అవ్వా."

అమ్మ చెయ్యి మార్చుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ధైర్యం పెరిగినట్టుంది, గొంతులో కొంచెం రాగం కూడా వచ్చింది. చివరి వరుసకు వచ్చేసరికి తల ఊపుతూ, "ల, వ, స, ఉయ్యాలో" అని ముగించింది.

కళ్లు పరీక్షించే అమ్మాయి బోర్డు వైపు తిరిగి, ఉయ్యాలో ఎక్కడుందా అని వెతికింది. వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు గొల్లున నవ్వారు. అమ్మకు విషయం అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మకు చదువు రాదు మేడమ్" అన్నాను నేను ముందుకు వచ్చి.

అమ్మ నా వైపు చూసిన చూపు, చూపు సరిగా ఆనకపోయినా, నన్ను కాల్చేసింది.

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుని తన చేతివేళ్లు పైకెత్తింది. "ఇవి ఎన్ని ఏళ్లు అవ్వా?"

"గింత చదువుకున్న పిల్లవు, నీ ఏళ్లు నీకు లెక్కవెట్టరాదా?" అంది అమ్మ.

ఇక లాభం లేదని టార్చిలైటు వేసి చూశారు. రెండు కళ్లలోనూ పొర ముదిరింది. ఎడమ కన్ను మరీ, ముత్యంలా తెల్లగా ఉంది. త్వరగా ఆపరేషన్ చేయించాలని రాసిచ్చారు.

నిజానికి నాకు అనుమానం వచ్చింది రెండు వారాల కిందటే. డ్యూటీ లేని రోజు చూసుకుని ఊరికి వెళ్లాను. ముందరి గదిలో అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. "నిలవడ్డవేంది అన్నా, కూసో. ఆయన బాయికాడికి పోయిండు, ఇప్పుడే వత్తడు. చాయ్ పెట్టాల్నా?" లోపలికి వెళ్లి చూస్తే ఎవరూ లేరు. గోడకు కొట్టిన కొక్కేనికి మా బాపు అంగీ వేలాడుతోంది. దాని కింద పంచె. పైన తలరుమాలు. అమ్మ ఆ అంగీకి మంచినీళ్ల చెంబు కూడా అందిస్తోంది.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం కూడా తడబడలేదు. చెంబు ఎత్తి తానే తాగేసి, "ఎవలతోని? నాకే దూపైతాంది" అంది.

అప్పుడు గమనించాను. బియ్యంలో రాళ్లు ఆమె కళ్లతో కాదు, వేళ్లతో ఏరుతోంది. మనుషుల్ని చెప్పుల చప్పుడు బట్టి గుర్తుపడుతోంది. ఫోన్‌లో పచ్చగుర్తు ఎక్కడుంటుందో ఆమె బొటనవేలికి తెలుసు. ఇంత నేర్పుగా నెట్టుకొస్తుంటే, వారానికోసారి వచ్చిపోయే నాకేం తెలుస్తుంది?

క్యాంపు నుంచి ఇంటికి ఆటోలో వస్తూ అడిగాను. "ఎవలు నేర్పిండ్లే నీకు?"

"నేర్పుడేంది? చిన్నగున్నప్పుడు బడి పక్కపొంటి మేకలు కాసిన. గప్పుడు ఇన్న."

ఆటో ఇంటి ముందు ఆగింది. అమ్మ ముందు దిగింది. నేను వెనుక సంచి తీసుకుంటున్నాను. అరుగు మీద కూర్చున్న బాపు నన్ను చూడలేదు. ఆత్రంగా లేచి, "ఏమాయె? ఆరు వరుసలు చెప్పినవా? మర్వలేదు గదా?" అన్నాడు.

నేను సంచితో ముందుకు వచ్చాను. బాపు అలాగే నిలబడి ఆకాశం వైపు చూస్తూ, "మొగులైతాంది" అన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

తర్వాత కథంతా బయటపడింది. బాపు ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. క్యాంపు మొదలైన రోజే వెళ్లి తన కళ్లు చూపించుకుంటున్నట్టు నటించి, బోర్డు మీది అక్షరాలన్నీ ఒక కాగితం మీద ఎక్కించుకొచ్చాడు. అమ్మ చేత బట్టీ పట్టించాడు. ఉత్త అక్షరాలు ఆమె నోటికి ఎక్కకపోతే బతుకమ్మ పాట రాగంలో పెట్టాడు. గ ఒక్కటే పైన ఉయ్యాలో, ప ర దాని కింద ఉయ్యాలో. రెండు రోజులు ఇద్దరూ బియ్యం ఏరుకుంటూ, చిక్కుడుకాయ తుంచుకుంటూ సాధన చేశారు.

"ఎందుకు బాపూ గిట్ల చేసినవ్?" అని గట్టిగానే అడిగాను.

"ఆమెకు బుగులైతాంది బిడ్డా. కన్ను బయటికి తీసి, కడిగి, మల్ల పెడ్తరట. గది ఇన్నకాన్నుంచి బువ్వ తింటలేదు. చూడలేకపోయిన" అన్నాడు బాపు తల వంచుకుని.

నా కోపం సగం దిగిపోయింది. భార్య భయపడుతుంటే చూడలేక, డెబ్బై దాటిన వయసులో కాగితం పట్టుకుని అక్షరాలు మోసుకొచ్చిన మనిషి! ఆ రోజు బాపు మీద నాకు కలిగిన గౌరవం దాదాపు నెల రోజులు నిలిచింది.

మా అన్న భూపాలపల్లిలో బొగ్గుబాయి పనిలో ఉంటాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. షిఫ్టు దిగగానే ఒక వీడియో పంపించాడు. పొన్నగంటి కూర తింటే కంటిలో పొర దానంతటదే కరిగిపోతుందట. అమ్మ ఎగిరి గంతేసింది. పది రోజులు పొన్నగంటి కూర తప్ప మరొకటి వండలేదు. పొర కరగలేదు. పదకొండో రోజున బాపు కంచం ముందు కూర్చుని, "బర్రెకు గూడ దినాం ఒక్కటే మేతెయ్యరు" అన్నాడు.

నేను చెబితే వినదు. అన్న చెబితే పొన్నగంటి కూర తింటుంది. ఆలోచించి ఆలోచించి చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. చిన్నమ్మ అంటే అమ్మకు తోటికోడలు. నలభై ఏళ్లుగా ఇద్దరికీ ప్రతి విషయంలోనూ పోటీ. ఎవరి పచ్చడి నిలవ ఉంటుంది, ఎవరి ముగ్గు వంకర పోదు, ఎవరి కోడి ముందు పొదుగుతుంది. చిన్నమ్మకు పోయిన ఏడాది మహబూబాబాద్‌లో కూతురు దగ్గర ఉండి కంటి ఆపరేషన్ అయింది.

"చిన్నమ్మా, ఒక్కపూట మా ఇంటికి రావాలె. ఆపరేషన్ ముచ్చట మాత్రం తియ్యద్దు. నీ కండ్లకు ఏం కనవడ్తె గది చెప్పు, చాలు" అన్నాను.

చిన్నమ్మ కళ్లు మెరిశాయి. "గంతేనా బిడ్డా? గది నాకు పండుగు" అంది.

మర్నాడే వచ్చింది. పీట వాల్చుకుని కూర్చుని, తీరిగ్గా మొదలుపెట్టింది. "అక్కా, నీ కొంగుకు గది పసుపా, చారా?" అమ్మ కొంగు తిప్పుకుంది. "బొట్టు జర పక్కకు జరిగినట్టుంది." అమ్మ బొట్టు తుడుచుకుంది. "దూలానికి బూజు ఏలాడుతాంది. నీ ఇంట్ల బూజు నేనెప్పుడు సూడలేదు అక్కా." అమ్మ తలెత్తి దూలం వైపు చూసింది. చివరికి అన్నం వడ్డించాక చిన్నమ్మ కంచంలోకి వంగి, ఎంతో మర్యాదగా, "వంకాయల పురుగున్నది. తియ్యాల్నా, ఉండనియ్యాల్నా?" అని అడిగింది.

చిన్నమ్మ వెళ్లిపోయాక అమ్మ చాలాసేపు గుమ్మంలో కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

"సూదిల దారం దానికంటె నేనే ముందు ఎక్కించేదాన్ని. ఎరికేనా నీకు?"

"ఎరికే అమ్మా."

"దవాఖానకు ఎప్పుడు పోదాం?"

మొదటిసారి వెళ్లినప్పుడు భయంతో బీపీ పెరిగిపోయి, తగ్గాక రమ్మని వెనక్కి పంపారు. వారం తర్వాత మళ్లీ వెళ్లాం. అన్న సెలవు పెట్టుకుని వచ్చాడు. లోపలికి తీసుకెళ్లే ముందు అమ్మ డాక్టరు చెయ్యి పట్టుకుంది.

"సారూ, కన్ను బయటికి తీసి కడుగుతరా?"

"లేదవ్వా. లోపలున్న పొర తీసేసి, సన్నటి అద్దం పెడ్తం."

"అద్దమా? పలిగితెనో?"

"పలగది."

"గంత గ్యారంటిగ చెప్తున్నవు, నీకు పెట్టుకున్నవా?"

డాక్టరు నవ్వి, "నాకు గూడ నీ అంత వయసు వచ్చినంక పెట్టుకుంట" అన్నాడు. ఆ మాటకు అమ్మ ఒప్పుకుంది. మూడు వారాలు బతిమాలిన ఆపరేషన్ టీ తాగినంత సేపట్లో అయిపోయింది.

మర్నాడు పొద్దున కట్టు విప్పాలి. బాపు ఊరి నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. చూసి నేను గుర్తుపట్టలేకపోయాను. గడ్డం నున్నగా గీయించుకున్నాడు. ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, మీసాలకు రంగు వేయించుకున్నాడు. బొగ్గు కంటే నల్లగా ఉన్నాయి. పై పెదవికి కూడా కొంత అంటింది. అన్న మొహం పక్కకు తిప్పుకుని భుజాలు ఊగేలా నవ్వాడు.

నర్సు కట్టు విప్పింది. అమ్మ రెండు మూడు సార్లు కన్ను ఆర్పి, ముందు నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"నీకు గిన్ని తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయే?"

తర్వాత ఆమె చూపు బాపు మీదికి వెళ్లింది. బాపు నిటారుగా నిలబడి, గడ్డం కొంచెం పైకెత్తాడు. ఫోటో దిగుతున్నట్టు.

"గీ నల్ల మీసాలాయన ఎవలు?" అంది అమ్మ. నేను నోరు తెరిచేలోపే గుర్తుపట్టి, "అయ్యో! మసి పూసుకున్నవేందయ్యా?" అంది. వార్డులో అందరూ నవ్వారు. బాపు మొహం చిన్నబోయింది.

అమ్మ మాత్రం నవ్వలేదు. దగ్గరికి రమ్మని పిలిచి, బాపు మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "మనిషివి సగమైనవ్" అంది. తర్వాత మా ఇద్దరి వైపు తిరిగింది. "మీ బాపు గింత బక్కగయ్యిండని నాకెవ్వలు చెప్పలేదేంది?"

మేము బాపు వైపు చూశాం. నిజమే. భుజాల దగ్గర అంగీ వేలాడుతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. వారం వారం చూస్తున్నవాళ్లం మాకు కనిపించలేదు, ఒక్క కన్నుతో మొదటిసారి చూసిన అమ్మకు కనిపించింది. బాపుకు చక్కెర జబ్బు ఉంది. మందులు వేసుకుంటున్నాడు కదా, వయసు మీద పడి తగ్గాడేమో అనుకున్నాం.

అమ్మ నలభై రోజులు పొయ్యి దగ్గరికి పోకూడదన్నారు. ముఖం మీద నీళ్లు పడకూడదు. రోజుకు నాలుగు సార్లు చుక్కలు వేయాలి. వంటా, చుక్కలూ బాపు ఒప్పుకున్నాడు. నేను ప్రతి ట్రిప్పు మధ్యలో ఫోన్ చేసి అడిగేదాన్ని. "చుక్కలేసినవా బాపూ?" "ఏసిన." "నీ గోళీలేసుకున్నవా?" "ఏసుకున్న." చుక్కల సంగతి నిజమే, కాకపోతే మొదటి వారం కంట్లో పడ్డవాటికంటే ముక్కు మీద పడ్డవే ఎక్కువ. గోళీల సంగతి తర్వాత తెలిసింది.

పని లేకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చున్న అమ్మకు ఇల్లంతా కొత్తగా కనిపిస్తోంది. మొదట బూజు. తర్వాత పాలగిన్నె అడుగు. ఆ తర్వాత చీమలు. గడప పక్క నుంచి గోడ మీదుగా ఒక బారు వెళ్తోందట. ఆమె రెండు రోజులు ఏమీ అనకుండా ఆ బారును చూస్తూ కూర్చుంది. అది కొక్కేనికి తగిలించిన బాపు గొడుగులోకి వెళ్తోంది.

నేను వెళ్లేదాకా ఆగింది. నేను వెళ్లిన రోజు మిట్టమధ్యాహ్నం బాపు చెప్పులు వేసుకుని బయటికి బయలుదేరాడు.

"ఎండ మండుతాంది. గొడుగు తీస్కపో" అంది అమ్మ మెత్తగా.

"ఇంత దూరానికి గొడుగెందుకు?"

"వద్దంటవేంది, దెబ్బ తాకుతది" అంటూ తానే లేచి గొడుగు తీసి, బాపు తల మీద ఫట్‌మని విప్పింది.

బెల్లం ముక్కలు, నువ్వుల లడ్డూలు, ఒక బాదుషా, వాటితో పాటు వందలకొద్దీ చీమలు బాపు మీద వాన కురిసినట్టు కురిశాయి. బాపు అంగీ దులుపుకుంటూ వాకిట్లో గంతులు వేశాడు. అమ్మ గొడుగు ముడిచి కొక్కేనికి తగిలించి, "ఇగ మంచం సంగతి" అంది.

బాపు పడుకునే నులకమంచాన్ని నేనూ అమ్మా కలిసి పక్కకు ఒరగబెట్టి గట్టిగా కుదిపాం. నులక సందుల్లోంచి తెల్లటి గోళీలు టపటపా రాలాయి. గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి. చూపు ఆనని అమ్మ రోజూ గోళీ చేతికి ఇచ్చి, నీళ్లు ఇచ్చి, మింగిన చప్పుడు వినేది. బాపు నీళ్లు మాత్రమే మింగేవాడు.

అప్పుడు నాకు కంటి బోర్డు గుర్తొచ్చింది. "అంటే బాపూ... అమ్మకు ఆ అక్షరాలు నేర్పింది..."

బాపు మెడ మీద చీమ కుట్టిన చోట గోక్కుంటూ, "ఆమె బుగులు గూడ నిజమే బిడ్డా" అన్నాడు. చీమను దులుపుకుని, "ఆమెకు కండ్లొస్తె నా పని అయిపోతదని నాకెరికె" అన్నాడు.

నాకు కోపం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. కానీ అమ్మ అరుగు మీద బాపు పక్కన కూర్చుని, "ఎందుకు?" అని ఒక్కమాట అడిగేసరికి బాపు గోక్కోవడం ఆపి చెప్పేశాడు.

"మా నాయినకు గిదే రోగం. గోళీలు ఏసుకునుడు మొదలువెట్టిన తెల్లారి ఏడాదే కాలు తీసేసిండ్లు. గోళీలేసుకుంటె నేను గూడ గదే బాటల పడ్డట్టని... ఏసుకోకుంటె నాకేం లేనట్టని..."

"గోళీలు ఏసుకున్నందుకు కాదు మామ కాలు పోయింది. ఆయన గూడ నీ లెక్కనే దాచిపెట్టిండు. ఆయన మంచం దులిపింది నేనే" అంది అమ్మ.

అంత పెద్ద సంగతి అమ్మ అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట.

మర్నాడు దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూశాడు, బాపును చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. ఇంకొన్ని నెలలు ఇలాగే సాగితే కష్టమయ్యేదని చెప్పి మందు మార్చాడు. పాదాలు చూశాడు, కళ్లకు కూడా పరీక్ష చేయించాడు. కళ్లలో చుక్కలు వేశాక లోకమంతా మసకబారి, సాయంత్రం దాకా బాపు అమ్మ చెయ్యి పట్టుకునే నడిచాడు.

నా మీద నాకే సిగ్గేసింది. రోజుకు మూడు సార్లు ఫోన్‌లో "ఏసుకున్నవా?" అని అడగడమే చూసుకోవడం అనుకున్నాను. బస్సులో ఎవరైనా "టికెట్ తీసుకున్న" అంటే చూపించమని అడగకుండా వదిలిపెడతానా? ఇంట్లో మాత్రం నోటిమాటకే తృప్తిపడి ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు తనిఖీ అమ్మ చేతిలో ఉంది. రెండు పూటలా గోళీ ఇచ్చి, ఎదురుగా నిలబడుతుంది. "నోరు తెరువు. నాలిక లేపు. గీ దిక్కు చూపియ్యి." ఊళ్లో సర్పంచి వచ్చి కూర్చున్నా సరే, బాపు నాలుక లేపాల్సిందే. ఆరు నెలల్లో బాపు ఒళ్లు మళ్లీ అంగీకి సరిపోయింది. మీసాలకు రంగు మాత్రం మానేశాడు.

అమ్మ రెండో కంటికి ఈ నెలలోనే ఆపరేషన్. ఈసారి ఎవరూ బతిమాలలేదు, తేదీ తానే అడిగి పెట్టించుకుంది. నిన్న బస్సు బచ్చన్నపేటలో ఆగినప్పుడు ఫోన్ చేస్తే అమ్మే ఎత్తింది.

"మీ బాపు పెండ్లికాడ రెండు గులాబ్ జామూన్లు తిన్నడు. నా కండ్లార చూసిన. నువ్వే అడుగు."

వెనుక నుంచి బాపు గొంతు వినిపించింది. "ఒక్కటే తిన్న బిడ్డా! ఆమెకు ఇంకో కన్ను చేపియ్యలే గదా, అందుకే రెండు కనవడ్డయి!"

ఎవరి మాట నమ్మాలో తేలలేదు. బస్సులో జనం కదలమని తొందరపెడుతున్నారు. ఒకరికి కంటి ఆపరేషన్, ఒకరికి చక్కెర పరీక్ష, ఇద్దరూ గురువారం దవాఖానకు తయారుగా ఉండండని చెప్పి, నవ్వుకుంటూ విజిల్ వేశాను.